చివరి మెసేజ్‌ని మింగెయ్యకండి

మా ల్యాబ్‌లో నాగియోస్ పెట్టిన మొదటి వారం. ఒక స్విచ్‌కి కేబుల్ లూజ్. లింక్ ఒక నిమిషం ఉంటుంది, ఇంకో నిమిషం పోతుంది. మారిన ప్రతిసారీ టీమ్ గ్రూప్‌లో మెసేజ్. తెల్లారేసరికి రెండు వందలు దాటాయి. అందరం గ్రూప్‌ని మ్యూట్ చేసేశాం, నాతో సహా. మూడో రోజు సర్వర్ నిజంగానే పడిపోయింది. ఆ మెసేజ్ కూడా వచ్చింది. ఎవరు చూశారు?

కాబట్టి మెసేజ్‌లకి లిమిట్ ఉండాలి, నేనూ ఒప్పుకుంటాను. కానీ "గంటకి పదే" అని కోసేస్తే పదకొండోదాంట్లో ఏముందో ఎవరికి తెలుసు?

నాగియోస్‌లో ఫ్లాప్ డిటెక్షన్ ఉంది (మేం ఆన్ చెయ్యలేదు, అది వేరే సంగతి). అది చివరి 21 చెక్‌ల ఫలితాలు దాచుకుంటుంది. స్థితి మరీ ఎక్కువసార్లు మారితే "ఇది ఫ్లాప్ అవుతోంది" అని ఒకసారి చెప్పి ఊరుకుంటుంది. బాగానే ఉంది. కానీ ఐదు నిమిషాలకో చెక్ అయితే 21 చెక్‌లు అంటే గంటా నలభై నిమిషాలు. ఈలోగా లింక్ పూర్తిగా పోతే, ఆ సంగతి మనకి గంట దాటాకే తెలియొచ్చు.

గంటే కదా అనుకోకండి. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది, గంటకి 140–150 కిలోమీటర్ల గాలితో. అప్పుడు నాకు పన్నెండేళ్లు. అమ్మ కవిటిలో ఉన్న మావయ్యకి ఫోన్ చేస్తూనే ఉంది. ఒకసారి రింగ్, ఒకసారి "అందుబాటులో లేరు", మళ్లీ రింగ్. "సిగ్నల్ వస్తూ పోతూ ఉంటాదిలే" అన్నాడు నాన్న. తర్వాత రింగ్ కూడా లేదు. ఉద్దానంలో కొబ్బరి చెట్లూ కరెంటు స్తంభాలూ కలిసి పడిపోయాయి. మావయ్య క్షేమమని మూడో రోజుకి గానీ తెలియలేదు.

టవర్ పూర్తిగా పోయేముందు ఇలా ఊగిసలాడొచ్చు. అంటే మన లిమిట్ నోరు నొక్కేది సరిగ్గా ఆ టవర్‌నే!

నేననేది ఇది. మధ్యలో వచ్చే గోలంతా ఆపండి, "40 సార్లు మారింది" అని ఒక లెక్క చాలు. కానీ లింక్ పది నిమిషాలు వరసగా కిందే ఉంటే, లిమిట్ అయిపోయినా సరే, ఒక్క మెసేజ్ వెళ్లాల్సిందే. లిమిట్ కూడా ఏ లింక్‌కి ఆ లింక్‌కే ఉండాలి. బొబ్బిలి లింక్ గోల చేస్తే ఇచ్ఛాపురం నోరు ఎందుకు మూయాలి?

మా ల్యాబ్‌కి ఇలాగే ఒక చిన్న పైథాన్ స్క్రిప్ట్ రాశాం, పని చేస్తోంది. గ్రూప్‌ని మాత్రం ఇద్దరు ఇంకా అన్‌మ్యూట్ చెయ్యలేదు.