మనల్ని కూర్చోనిచ్చిన మనిషి

మద్రాసు మీద తెలుగువాళ్ళం ఎంత రాసుకున్నామో లెక్కలేదు. కోడంబాకం, వాహినీ స్టూడియో, పానగల్ పార్కు, పాండీ బజారు, అద్దె గదులు, రాని చెక్కులు అన్నీ రాశాం. ఆ జ్ఞాపకాల్లో కాఫీ తప్పకుండా ఉంటుంది. కెథీడ్రల్ రోడ్డులో చెట్ల నీడన ఉండే వుడ్‌లాండ్స్ డ్రైవ్-ఇన్ కూడా వస్తూ ఉంటుంది. ఏ కథ అక్కడ పుట్టిందో, ఎవరికి వేషం అక్కడ ఖాయమైందో చెప్పుకుంటాం. ఆ హోటలు పెట్టిన కడందలె కృష్ణారావు గారి పేరు మాత్రం మన నోట రాదు. దశాబ్దాలపాటు ఆయన చేతి తిండి తిన్నాం, ఆయన నీడన కూర్చున్నాం. ఆయన ఎవరని అడగాలని మనకు తోచలేదు.

అడిగి ఉంటే తెలిసేది. దక్షిణ కన్నడ జిల్లాలో కడందలె అనే చిన్న ఊరు ఆయనది. పేద కుటుంబం. మద్రాసు హోటళ్ళ వంటిళ్ళలో గిన్నెలు తోమడం, పిండి రుబ్బడం ఆయన తొలి రోజుల పనులు. అక్కణ్ణుంచి మౌంట్ రోడ్డులో ఉడిపి శ్రీకృష్ణ విలాస్ దాకా ఎదిగారు. 1938లో రాయపేటలో రామనాథపురం జమీందారుల భవనం లీజుకు తీసుకుని హోటలు తెరిచారు. ఆ భవనం పేరే వుడ్‌లాండ్స్. లీజు అయిపోయాక భవనం వదిలేసి పేరు మాత్రం వెంట తెచ్చుకున్నారు. 1952 నుంచి ఎడ్వర్డ్ ఇలియట్స్ రోడ్డులో, అంటే ఇవాళ్టి రాధాకృష్ణన్ శాలైలో, న్యూ వుడ్‌లాండ్స్ నడిచింది. 1962లో అగ్రి-హార్టికల్చరల్ సొసైటీ తోటలో డ్రైవ్-ఇన్ వెలిసింది. కారు దిగకుండానే కిటికీకి తగిలించిన పళ్ళెంలో ఇడ్లీ, వడ, సాంబారు వచ్చేవి.

కానీ 1962 మద్రాసులో కార్లు ఎందరికి ఉన్నాయి? ఆ హోటలు గొప్పతనం నాకు ఇక్కడే కనిపిస్తుంది. పేరు కార్లవాళ్ళది, చోటు అందరిదీ. బస్సు దిగి నడిచొచ్చినవాడూ లోపలి హాల్లో కూర్చునేవాడు. మెడికల్ రిప్రజెంటేటివులు బ్యాగులు పక్కన పెట్టుకుని ఆ రోజు తిరగాల్సిన డాక్టర్ల జాబితా అక్కడే పంచుకునేవారు. కాలేజీ పిల్లలు, ప్లీడర్లు, సినిమా అవకాశాల కోసం కాళ్ళరిగేలా తిరిగేవాళ్ళు, అందరూ అక్కడికే చేరేవారు. ఒక్క కాఫీ తీసుకుని గంటల తరబడి కూర్చున్నా లెమ్మనేవారు కారు.

హోటలు లెక్క తెలిసినవాళ్ళకి దీని ఖరీదు అర్థమవుతుంది. టేబులు ఎంత త్వరగా ఖాళీ అయితే అంత రాబడి. ఒక కాఫీకి ఒక పూట టేబులు పట్టుకుంటే ఆ నష్టం యజమానిది, చేజారిన టిప్పు సర్వర్‌ది. మనం దాన్ని నష్టమని ఎన్నడూ అనుకోలేదు. చెట్టు నీడ లాగా అది దానంతటదే ఉందనుకున్నాం. తీరిక మనది, ఊహలు మనవి, ఖర్చు ఇంకొకరిది. తరవాత పేరు తెచ్చుకున్నవాళ్ళం ఆ పేరు వెనక సొంత ప్రతిభను, గురువులను, నిర్మాతలను చూసుకున్నాం. టేబులు తుడిచి మళ్ళీ నీళ్ళు పెట్టినవాణ్ణి చూడలేదు.

ఇది మరుపు వల్ల జరిగింది కాదు. దీని వేరు మన సంస్కారంలోనే ఉంది. అన్నం అమ్ముకోవడం పాపమన్న మాట మనకు తరాలుగా వస్తోంది. కాబట్టి అన్నం పెట్టినవాళ్ళకు దణ్ణం పెడతాం, అమ్మినవాళ్ళకు డబ్బు పారేస్తాం. లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారిని అన్నపూర్ణ అన్నాం, 2024లో ఆంధ్రప్రదేశ్‌లో బడి పిల్లల భోజన పథకానికి ఆమె పేరు పెట్టుకున్నాం. ఆ గౌరవానికి ఆమె నూటికి నూరుపాళ్ళూ తగినవారు. కానీ శుభ్రంగా వండి, న్యాయమైన ధరకు, రోజూ వేళకు, ముఖం చిట్లించకుండా వడ్డించేవాళ్ళ శ్రమను సేవగా ఒప్పుకోవడానికి మనకు ఇప్పటికీ మనసొప్పదు. కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మను తలుచుకోండి. గిరీశం ఆమె వండింది తిని, ఆమె సొమ్ము వాడుకుని, ఆమెకే టోపీ పెట్టాడు. నూరేళ్ళు దాటినా మనం గిరీశం మాటలు వల్లె వేస్తూ నవ్వుతున్నాం. ఆ నాటకంలో ఆమె వృత్తి పేరుతోనే మిగిలింది. ఆమె అసలు పేరేమిటన్న ఆలోచన మనలో ఎందరికి వచ్చింది?

1990లో కృష్ణారావు గారు పోయేనాటికి తెలుగు సినిమా చాలావరకు హైదరాబాదు చేరిపోయింది. మూటాముల్లె సర్దుకుని వచ్చినవాళ్ళం మద్రాసును కబుర్లలో మాత్రం వెంట తెచ్చుకున్నాం. డ్రైవ్-ఇన్ ఉన్న స్థలం గురించి సొసైటీకీ ప్రభుత్వానికీ మధ్య ఏళ్ళ తరబడి వ్యాజ్యం నడుస్తూనే ఉంది. మనకు పట్టలేదు. 2008లో హోటలు మూతపడింది. అప్పుడు మాత్రం అందరికీ అన్నీ గుర్తొచ్చాయి. ఆ దోసె, ఆ కాఫీ, ఆ సాయంత్రాలు. ఆ దుఃఖం నిజమైనదే. కానీ ఆ దుఃఖంలో కూడా మన యౌవనమే ఉంది, ఆ మనుషులు లేరు. వయసంతా అక్కడే ఖర్చుపెట్టిన వంటవాళ్ళు, సర్వర్లు ఎక్కడికి పోతారని అడగలేదు. వాళ్ళ మాటలు రాసి పెట్టుకోలేదు. 2010 నవంబరు 24న అదే చోట సెమ్మొళి పూంగా అనే తోట తెరిచారు. తోట మంచిదే, నగరానికి అవసరమే. పాత చెట్లలో కొన్ని ఇంకా ఉన్నాయి. కొట్టుకుపోయింది మనుషుల చరిత్ర. దాన్ని కాపాడే పని ఏ ప్రభుత్వానిదో, ఏ కోర్టుదో కాదు. అక్కడ కూర్చుని రాయడం నేర్చుకున్న మనది.

మద్రాసు ఒక్కటే అయితే దూరమని సర్దిచెప్పుకోవచ్చు. విజయవాడ గాంధీనగరంలో బాబాయ్ హోటల్ ఇడ్లీ గురించి రాష్ట్రమంతా మాట్లాడుతుంది. ఆ బాబాయి అసలు పేరు ఎంతమందికి తెలుసు? మన ప్రతి ఊళ్ళోనూ బస్టాండు దగ్గర ఒక ఉడిపి హోటలు ఉండేది. ఉడిపి నుంచి ఇంత దూరం ఎందుకొచ్చారు, పండక్కి ఇంటికి ఎలా పోయేవారు, పిల్లల్ని ఏ భాషలో చదివించారు అని మనం కనుక్కోలేదు. సాహిత్య సభల తరవాత ఆ హోటళ్ళలోనే శ్రామిక జనం గురించి గంటలకొద్దీ వాదించుకున్నాం. ఆ జనంలో ఒకడు మన పక్కనే నిలబడి ఇంకేం కావాలని అడుగుతుంటే, మాట తెగిపోయిందని విసుక్కున్నాం.

కృష్ణారావు గారి విషయంలో మనం చేయగలిగింది ఇక చాలా కొద్ది. కానీ మీ ఊళ్ళో ముప్పై, నలభై ఏళ్ళుగా మిమ్మల్ని కూర్చోనిస్తున్న హోటలు ఇంకా ఒకటి ఉండే ఉంటుంది. ఈ వారమే వెళ్ళండి. రద్దీ లేని వేళ చూసి గల్లాపెట్టె దగ్గరున్న పెద్దాయన పక్కన కూర్చోండి. ఏ ఊరు, ఎవరి దగ్గర పని నేర్చుకున్నారు, మొదటి జీతం ఎంత, అప్పు ఎవరిచ్చారు అని అడగండి. వంటింట్లోకి వెళ్ళి అక్కడివాళ్ళ పేర్లూ అడగండి. ఇంటిపేర్లతో సహా రాసుకోండి. రాసింది అచ్చు వేయించండి.