సైకిల్ తొక్కేవాడి జాడ ఎవరి సొత్తు?



శుక్రవారం తెల్లవారుజామున, ఎండ ముదరకముందే, షరఫియా నుంచి కార్నిష్ దాకా సైకిల్ మీద వెళ్లొచ్చే మనవాళ్లు ఉన్నారు. హైదరాబాదులో అవుటర్ రింగ్ రోడ్డు వెంబడి 2023 అక్టోబరులో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాక్ మీద తొక్కే స్నేహితులూ ఉన్నారు. డల్లాస్ అయినా, లండన్ అయినా, సింగపూర్ అయినా తొక్కడం పూర్తవగానే మనం చేసే పని ఒకటే. ఎన్ని కిలోమీటర్లు తొక్కామో, ఏ దారిన వెళ్లామో మ్యాప్ మీద గీత గీసి చూపించే యాప్‌లో పెట్టి, నలుగురి చేతా శభాష్ అనిపించుకుంటాం. అందులో తప్పేమీ లేదు. కానీ ఆ గీత ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తోందో ఒకసారి చూడండి. చాలామంది విషయంలో అది సొంత ఇంటి గుమ్మమే.

వారం రోజుల గీతలు ఒకచోట పెడితే ఇల్లెక్కడో, ఆఫీసెక్కడో, ఏ వేళకు ఇంట్లో ఉండమో, ఏ రోజు గుడికో మసీదుకో చర్చికో వెళ్తామో చెప్పేయవచ్చు. పేరు తీసేసినా పెద్దగా లాభం లేదు. రోజూ ఫలానా ఇంటి నుంచి బయల్దేరి ఫలానా ఆఫీసులో ఆగే మనిషి ఊరు మొత్తానికి ఒక్కడే ఉంటాడు.

ఇవి ఊహించి చెబుతున్న భయాలు కావు. స్ట్రావా సంస్థ 2017 నవంబరులో తన సభ్యుల సైకిల్, పరుగు దారులన్నీ కలిపి ప్రపంచ 'హీట్ మ్యాప్' విడుదల చేసింది. అందులో ఒక్కరి పేరు కూడా లేదు. అయినా 2018 జనవరిలో ఆస్ట్రేలియా విద్యార్థి ఒకడు ఆ మ్యాప్‌ను పరికించి చూసి, ఆఫ్ఘనిస్తాన్, సిరియాల్లో చీకటి మధ్య వెలుగుతున్న చిన్న చిన్న గీతలు సైనిక స్థావరాలవని లోకానికి చెప్పాడు. సైనికులు వ్యాయామం చేసిన దారులే స్థావరాల రూపురేఖలను బయటపెట్టాయి. అదే ఏడాది ఆగస్టులో అమెరికా రక్షణ శాఖ, సైనిక చర్యలు జరిగే ప్రాంతాల్లో తన సిబ్బంది లొకేషన్ చూపే పరికరాలు, యాప్‌లు వాడకుండా నిషేధం విధించింది. అంత పెద్ద సైన్యానికే సెట్టింగుల సంగతి ఆలస్యంగా తెలిసొచ్చిందంటే మామూలు మనిషి మాటేమిటి?

ఆ మామూలు మనిషి అనుభవం కూడా మన ముందుంది. ఫ్లోరిడాలోని గెయిన్స్‌విల్‌లో 2019 మార్చిలో ఒక వృద్ధురాలి ఇంట్లో దొంగతనం జరిగింది. పోలీసులకు అనుమానితులెవరూ దొరకలేదు. ఆ సమయంలో ఆ ఇంటి పరిసరాల్లో ఏయే ఫోన్లు ఉన్నాయో చెప్పమని వారంటు పట్టుకుని గూగుల్‌ను అడిగారు. దీన్నే జియోఫెన్స్ వారంటు అంటారు. అనుమానితుడి ఫోన్ ఎక్కడుందని అడగడం పాత పద్ధతి. అక్కడున్న ఫోన్లన్నీ చెప్పండి, అనుమానితుణ్ణి మేం వెతుక్కుంటామనడం ఈ కొత్త పద్ధతి. 2020 జనవరిలో ఒక యువకుడికి గూగుల్ నుంచి ఈమెయిలు వచ్చింది: నీ సమాచారం పోలీసులు అడుగుతున్నారు, ఆపాలనుకుంటే వారంలోగా కోర్టుకు వెళ్లు అని. అతను చేసిన నేరమల్లా తన వీధుల్లో చుట్లు కొడుతూ సైకిల్ తొక్కడం, దాన్ని వ్యాయామం యాప్‌లో నమోదు చేసుకోవడం. ఆ రోజు గంట వ్యవధిలో మూడుసార్లు ఆ ఇంటి ముందు నుంచి వెళ్లాడు. తల్లిదండ్రులు డబ్బు సర్దితే లాయరును పెట్టుకుని కోర్టుకెళ్లాడు. చివరకు ప్రభుత్వ న్యాయవాదులు ఆ వారంటును వెనక్కి తీసుకున్నారు. లాయరుకు ఇచ్చే డబ్బు లేనివాడైతే? వీసా మీద బతికేవాడైతే, అంటే మనలాంటివాడైతే?

"ఇంటి చుట్టూ దాచిపెట్టే సెట్టింగు ఉంది కదా" అని కొందరంటారు. ఉంది, తప్పకుండా వాడాలి. కానీ అది తలుపుకు వేసిన గొళ్లెం లాంటిదే, తాళం కాదు. బెల్జియంలోని కె.యు. ల్యూవెన్ పరిశోధకులు 2022లో దాని లోతుపాతులు చూపించారు. యాప్ మ్యాప్ మీద ఇంటి దగ్గరి భాగాన్ని చెరిపేస్తుంది కానీ, మొత్తం తొక్కిన దూరం లెక్కలో ఆ చెరిపేసిన భాగం కూడా కలిసే ఉంటుంది. కనిపిస్తున్న గీత పొడవును మొత్తంలోంచి తీసేస్తే మిగిలినది దాచిన దూరం. ఆ ప్రాంతపు వీధుల మ్యాప్ తోడైతే ఏ గుమ్మమో లెక్కగట్టవచ్చు. వారి పరీక్షల్లో 85 శాతం దాకా ఇలా దాచిన చోట్లు బయటపడ్డాయి. మన వృత్తివాళ్లకు ఇది కొత్త పాఠమేమీ కాదు. ఒక పట్టికలో దాచింది మరో పట్టికలో మిగిలిపోవడం మనం రోజూ చూసే బగ్గే.

అసలు విషయం ఇక్కడే ఉంది. గోప్యతను కాపాడేది, పోగొట్టేది ఎక్కువ సందర్భాల్లో డిఫాల్ట్ సెట్టింగు. యాప్ దించుకున్న నూరుమందిలో సెట్టింగుల పేజీ తెరిచి చదివేవాళ్లు ఎందరుంటారో మనకు తెలుసు. కాబట్టి మొదటి రోజు ఏ బటన్ ఎటు తిప్పి ఉంచామన్నదే మిగతావాళ్ల తరఫున మనం తీసుకునే నిర్ణయం. దారిలో ఎదురుపడినవాళ్లెవరో చూపించే 'ఫ్లైబై' సదుపాయం మీద 2020లో విమర్శలు వచ్చాక, స్ట్రావా దాన్ని కోరుకున్నవాళ్లకే వర్తించేలా మార్చింది. గూగుల్ 2023 డిసెంబరులో లొకేషన్ చరిత్రను తన సర్వర్ల నుంచి వాడకందారు ఫోనులోకే మారుస్తామని, కొత్తగా ఆన్ చేసుకున్నవాళ్లకు 3 నెలల తర్వాత చెరిగిపోవడం డిఫాల్ట్ చేస్తామని ప్రకటించింది. సర్వరులో లేని సమాచారాన్ని ఏ వారంటూ సర్వరు నుంచి రాబట్టలేదు. అంటే సాంకేతికంగా ఇది సాధ్యమే. ఇన్నాళ్లూ చేయకపోవడానికి కారణం చేతకాక కాదు, చేయమని గట్టిగా అడిగినవాళ్లు లేక.

ఇంతవరకూ చెప్పింది బటన్ ఉన్నవాళ్ల గురించి. ఇప్పుడు బటన్ లేనివాళ్ల గురించి మాట్లాడుకుందాం.

మనం సరదాకు సైకిల్ తొక్కుతాం. బండి కొనే స్తోమత లేక, సైకిల్ మీదే భోజనం పొట్లాలు ఇళ్లకు చేరవేసే కుర్రాళ్లు హైదరాబాదులోనూ ఉన్నారు, యూరప్ నగరాల్లోనూ ఉన్నారు. లొకేషన్ ఆపేస్తే వాళ్లకు ఆర్డరు రాదు. ఆర్డరు రాకపోతే ఆ పూట సంపాదన లేదు. వాళ్ల 'అంగీకారం' అంటే ఇదే. ఇటలీలో గ్లోవో కంపెనీకి చెందిన ఫుడిన్హో సంస్థ మీద అక్కడి డేటా రక్షణ సంస్థ 2024 నవంబరులో 50 లక్షల యూరోల జరిమానా వేసింది. 35 వేల మందికి పైగా రైడర్ల సమాచారాన్ని చట్టవిరుద్ధంగా వాడుకుందని తేల్చింది. పనిలో లేని సమయంలో కూడా వాళ్ల లొకేషన్ సేకరించి బయటి కంపెనీలకు పంపినట్టు ఆ విచారణలో బయటపడింది. పని ముగించి ఇంటికెళ్లిన మనిషి జాడ యజమానికి ఎందుకు? ఈ ప్రశ్న అక్కడి వ్యవస్థ అడిగింది. మన దగ్గర ఎవరడగాలి?

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. లొకేషన్ ప్రాణం కాపాడదా? కాపాడుతుంది. 2024 ఆగస్టులో ఇదే సౌదీలోని రబ్ అల్ ఖాలీ ఎడారిలో జీపీఎస్ పనిచేయక దారి తప్పి, ఇంధనం అయిపోయి, ఫోన్ చార్జింగు అయిపోయి, కరీంనగర్ యువకుడొకరు సహోద్యోగితో పాటు దాహంతో ప్రాణాలు వదిలిన వార్త మనందరినీ కలచివేసింది. ఆ కుటుంబానికి గోప్యత గురించి ఉపన్యాసం చెప్పే ధైర్యం ఎవరికుంది? చీకట్లో ఒంటరిగా సైకిల్ మీద వెళ్లే స్త్రీ తన జాడ అక్కకో భర్తకో స్నేహితురాలికో తెలిసేలా పెట్టుకోవడం కూడా మంచి పనే.

కానీ ఈ ఉదాహరణల్లో ఉన్న తేడా గమనించాలి. ఎడారిలోకి వెళ్లే కార్మికుడి జాడ ఆ ప్రయాణం సాగినంతసేపు, అతణ్ణి కాపాడవలసినవాళ్లకు తెలియాలి. ఆ స్త్రీ తన జాడ తానెంచుకున్న ఒకరిద్దరికి, తానెంచుకున్న గంటసేపు చూపిస్తోంది. ఎవరు చూస్తారు, ఎంతసేపు చూస్తారు, ఎందుకు చూస్తారు అన్న మూడు ప్రశ్నలకు ముందే జవాబుంది. యాప్ కంపెనీ ఏళ్ల తరబడి దాచుకునే చరిత్రకు ఈ మూడింటిలో ఒక్కదానికీ జవాబు లేదు. భద్రత పేరు చెప్పి మొదటి రకం ట్రాకింగును చూపించి రెండో రకాన్ని అమ్ముతుంటారు. వాటిని విడదీసి చూడటం మన బాధ్యత.

మన దేశంలో చట్టం ఎక్కడుంది? 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా చెప్పింది. 2024 జూలై 8న ఫ్రాంక్ వైటస్ కేసులో అదే కోర్టు ఇంకో అడుగు వేసింది. బెయిలు మీద ఉన్న నిందితుడు తన గూగుల్ మ్యాప్ లొకేషన్‌ను దర్యాప్తు అధికారికి ఎప్పుడూ కనబడేలా ఉంచాలన్న షరతు 21వ అధికరణానికి విరుద్ధమని కొట్టేసింది. ఒక్క క్షణం ఆలోచించండి. మాదకద్రవ్యాల కేసులో నిందితుణ్ణి కూడా నిరంతరం వెంటాడకూడదని కోర్టు అంటోంది. ఏ నేరమూ చేయని డెలివరీ కుర్రాడికి ఆ పాటి రక్షణ ఏ కాగితం మీద ఉంది?

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఈ లోటు తీరుస్తుందని ఆశించాం. కానీ దాని 7వ సెక్షను, ఉద్యోగ అవసరాల కోసమో, యజమానికి నష్టం రాకుండా చూసుకోవడం కోసమో అయితే సమ్మతి లేకుండానే సమాచారం వాడుకోనిస్తోంది. గిగ్ కార్మికుణ్ణి ఉద్యోగిగా గుర్తించమనే కంపెనీలు రేపు ఈ సెక్షను నీడలోకి రావడానికి మాత్రం వెనుకాడవు. నిబంధనలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి, ప్రధాన బాధ్యతలు అమలు కావడానికి 18 నెలల గడువు పెట్టారు. తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో గిగ్ కార్మికుల బిల్లు ముసాయిదాను ప్రజల ముందు పెట్టింది. కంప్యూటరు నిఘా, కంప్యూటరు నిర్ణయాల గురించి కార్మికులకు తెలియజెప్పాలన్న ఆలోచన అందులో ఉంది. మంచి ప్రారంభమే. అయితే తెలియజెప్పడం వేరు, హద్దు గీయడం వేరు. యూరోపియన్ యూనియన్ 2024లో తెచ్చిన ప్లాట్‌ఫాం పని ఆదేశం, పనిలో లేని సమయంలో కార్మికుడి సమాచారం సేకరించడాన్నే నిషేధించింది. హద్దంటే అది. మనమున్న సౌదీలో కూడా వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2024 సెప్టెంబరు 14 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. తన సమాచారం ఎందుకు తీసుకుంటున్నారో తెలుసుకునే హక్కు, చూసుకునే హక్కు, చెరిపించుకునే హక్కు అది ఇస్తోంది. ఇక్కడి మనవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి చెప్పాం?

కాబట్టి చేయవలసినవి మూడు.

ఒకటి, ఈ వారమే మీ సైకిల్ యాప్ తెరవండి. మీ దారులు అందరికీ కనబడుతున్నాయా, తెలిసినవాళ్లకేనా చూడండి. ఇంటి దగ్గరి భాగం దాచండి, వీలైతే ఇంటికి రెండు మూడు వీధుల అవతల నొక్కి మొదలుపెట్టి అక్కడే ఆపండి. హీట్ మ్యాప్‌లో చేర్చవద్దని చెప్పే బటన్ వాడండి. పాత చరిత్రలో అక్కరలేనిది చెరిపేయండి.

రెండు, మనలో చాలామంది ఇలాంటి సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లమే, రాయించేవాళ్లమే. రేపు డిజైన్ మీటింగులో లొకేషన్ మాట వచ్చినప్పుడు ఎవరు, ఎంతసేపు, ఎందుకు అన్న మూడు ప్రశ్నలు వేయండి. 'అవసరం రావచ్చు, ఉంచేద్దాం' అన్న మాటకు అడ్డు చెప్పండి. దానికి మేనేజరు అనుమతి అక్కర్లేదు.

మూడు, రెండు తెలుగు రాష్ట్రాల కార్మిక శాఖలకూ, మీ సొంత నియోజకవర్గ ఎమ్మెల్యేకూ ఉత్తరం రాయండి. గిగ్ కార్మికుల చట్టంలోనూ, దాని కింద వచ్చే నిబంధనల్లోనూ ఈ నాలుగు మాటలు ఉండాలని అడగండి: లాగవుట్ అయ్యాక లొకేషన్ సేకరించకూడదు, ఆర్డరుకు సంబంధించిన జాడను నిర్ణీత గడువు తర్వాత చెరిపేయాలి, కార్మికుడు అడిగితే తన రికార్డు తనకివ్వాలి, బయటి కంపెనీలకు అమ్మకూడదు. పరదేశంలో ఉన్న ఓటరు ఉత్తరానికి విలువేముందని నిరుత్సాహపడవద్దు. ఊళ్లో మన ఇంటివాళ్లకు ఓట్లున్నాయి. ఆ సైకిల్ తొక్కే కుర్రాళ్లలో మన చిన్నాన్న కొడుకులు, మేనల్లుళ్లు ఉన్నారు.

వాళ్లకు లేని బటన్ గురించి మాట్లాడే అవకాశం మనకుంది. ఉత్తరం రాయడానికి పట్టేది ఒక్క శుక్రవారం మధ్యాహ్నం.

— షరఫియా, జెద్దా నుంచి