తాళంచెవికి జవాబుదారీ ఎవరు?

విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో అరుదైన పుస్తకాల గది ఎక్కడుందని అడిగితే ఎవరైనా దారి చూపిస్తారు. తాళం ఎవరి దగ్గరుందని అడిగినప్పుడే చిక్కు మొదలవుతుంది. సారు సెలవులో ఉన్నారు, సోమవారం రమ్మంటారు. సోమవారం వెళితే సారు మీటింగులో ఉంటారు. పొరుగు జిల్లా నుంచి వచ్చిన పరిశోధక విద్యార్థి కాసేపు వరండాలో కూర్చుని బస్సెక్కుతాడు. పాత పత్రికలు, తాళపత్రాల మీద పనిచేసిన వారికి ఈ సోమవారాలు కొత్తేమీ కాదు.

ఎందుకిలా అంటే భద్రత అంటారు. నిజమే, పోతే మళ్లీ దొరకని వస్తువులు అవి. అయితే తాళం వేసినంత మాత్రాన భద్రత వస్తుందా అన్నది చూడాలి. అందుకు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో జరిగినదే పనికొస్తుంది. 2000లో ఆ గ్రంథాలయం స్ట్రాంగ్‌రూం నుంచి చార్లెస్ డార్విన్ నోటుపుస్తకాలు రెండింటిని ఫొటోలు తీయడానికి బయటికి తెచ్చారు. 1837లో జీవజాతుల పుట్టుకను చెట్టు కొమ్మల్లా ఆయన గీసుకున్న బొమ్మ వాటిలో ఒకదానిలో ఉంది. 2001 జనవరిలో మామూలు తనిఖీ చేస్తే రెండూ ఉండాల్సిన చోట లేవు. పొరపాటున వేరే అరలో పెట్టి ఉంటారులే అనుకున్నారు. ఆ అనుకోవడం దాదాపు ఇరవై ఏళ్లు సాగింది. అరలన్నీ వరసగా పేరిస్తే 200 కిలోమీటర్లు దాటే గ్రంథాలయం అది, వెతకడం మాటలు కాదు. చివరికి అవి దొంగతనానికి గురై ఉంటాయని 2020 నవంబరులో బహిరంగంగా ప్రకటించారు. 2022 మార్చి 9న లైబ్రేరియన్ గది బయట నేల మీద గులాబీ రంగు గిఫ్టు సంచి ఒకటి కనిపించింది. లోపల రెండు నోటుపుస్తకాలూ భద్రంగా ఉన్నాయి, లైబ్రేరియన్‌కు ఈస్టర్ శుభాకాంక్షలు చెబుతూ ఒక చీటీ కూడా ఉంది. పెట్టినవారు పేరు రాయలేదు. అక్కడ సీసీ కెమెరా లేదు.

స్ట్రాంగ్‌రూం తలుపు ఇంకెంత మందంగా ఉన్నా ఇక్కడ ఒరిగేదేమీ లేదు. బయటికెళ్లిన వస్తువు తిరిగి లోపలికి వచ్చిందా అని ఆ రోజు సాయంత్రమే సరిచూసి ఉంటే ఆచూకీ తీయడం తేలికయ్యేది. అమెరికాలో పిట్స్‌బర్గ్ కార్నెగీ గ్రంథాలయానిది ఇంకో కథ. విశ్వవిద్యాలయానిది కాకపోయినా పాఠం ఒకటే. అక్కడి అరుదైన పుస్తకాల గదికి బాధ్యుడైన ఉద్యోగే పాతికేళ్ల పాటు మ్యాపులు, బొమ్మల పుటలు కత్తిరించి ఒక పాత పుస్తకాల వ్యాపారికి చేరవేశాడు. 1991 తర్వాత మళ్లీ 2017లో విలువ కట్టించినప్పుడు గానీ సంగతి బయటపడలేదు. నష్టం సుమారు 80 లక్షల డాలర్లు. గది బాధ్యతంతా ఒక్కడి చేతిలో ఉండటమే అతనికి కలిసొచ్చింది.

ఇంత తెలిసీ మన దగ్గర గదులు మూసే ఉంటాయి. దానికి కారణం లైబ్రేరియన్ల బద్ధకం అనుకుంటే పొరపాటే. కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నిబంధనలు, 2017లో 215వ నిబంధన చూడండి. ఏడాదిలో చదవడానికి ఇచ్చిన వెయ్యి పుస్తకాలకు ఐదు పోతే, అందులో నిర్లక్ష్యం గానీ దురుద్దేశం గానీ లేకపోతే, అది సహజ నష్టమే అంటుంది. అరుదైన పుస్తకమైతే మాత్రం ధర ఎంతైనా విచారణ తప్పదంటుంది. విచారణ ఉండాల్సిందే. కానీ పుస్తకం పోతే మెమో వస్తుంది. ఏడాది పొడవునా ఒక్కరూ తెరవకపోతే ఎవరూ ఏమీ అడగరు. ఉద్యోగం చేసుకునే మనిషి ఈ రెంటిలో ఏది ఎంచుకుంటాడో చెప్పనక్కర్లేదు. రిటైర్మెంట్ల సమయంలో పరిస్థితి మరీ విడ్డూరం. ఛార్జి ఇచ్చేవారూ పుచ్చుకునేవారూ కలిసి స్టాకు లెక్క చూసుకునేలోపే పదవీ విరమణ తేదీ వచ్చేస్తుంది. లెక్క తేలని గదిని నెత్తిన వేసుకోవడానికి కొత్తవారు ఒప్పుకోరు. సీలు పడుతుంది.

ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో తన గ్రంథాలయ పంచసూత్రాలను వివరించేటప్పుడు మొదటి సూత్రం కింద ముందుగా చెప్పింది పుస్తకాలను అరలకు గొలుసులతో కట్టేసిన యూరపు గ్రంథాలయాల సంగతే. మద్రాసు విశ్వవిద్యాలయ లైబ్రేరియన్‌గా ఆయన పాఠకులను నేరుగా అరల దగ్గరికి పంపారు. ఆ పేరు చెప్పుకుని డిగ్రీలిచ్చే చోటనే గొలుసు పుస్తకం నుంచి తలుపుకు మారింది.

మూసి ఉంచితే భద్రంగా ఉంటాయన్నదీ భ్రమే. ఉస్మానియా గ్రంథాలయంలోనూ, టీటీడీ 1939లో నెలకొల్పి తర్వాత శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి అప్పగించిన తిరుపతి ప్రాచ్య పరిశోధన సంస్థలోనూ ఉన్నటువంటి తాళపత్రాలకు గాలి కావాలి, అప్పుడప్పుడూ దుమ్ము దులపాలి, నిమ్మగడ్డి నూనె రాయాలి. చెమ్మకూ పురుగుకూ తాళంచెవితో పనిలేదు. ఒకరు తరచూ వచ్చి కట్ట విప్పి చూసే గదిలోనే పాడవుతున్నది ముందుగా కంటబడుతుంది.

చేయాల్సిన పని చిన్నదే. కౌంటర్ దగ్గర కీ రిజిస్టర్ దాదాపు అన్నిచోట్లా ఉంటుంది. గది పేరు, తాళం నంబరు, తీసుకున్నవారి సంతకం, సమయం, తిరిగిచ్చిన సమయం అన్న గడులూ ఉంటాయి. చాలాసార్లు ఖాళీగా ఉండేది ఆ చివరి గడే. దాన్ని రోజూ సాయంత్రం సూపరింటెండెంట్ చూసి సంతకం పెట్టాలి. తాళం ఉన్న ఉద్యోగి సెలవు పెడితే ఆ రోజుకు బాధ్యులెవరో ముందే రాసి తలుపు మీద అంటించాలి. డూప్లికేట్ తాళం సీలు చేసిన కవరులో రిజిస్ట్రార్ దగ్గర ఉండాలి. అరుదైన వస్తువును ఒక్కరే బయటికి తీసే వీలు ఉండకూడదు, ఇద్దరి సంతకాలు కావాలి. స్కాన్ చేసినవాటికి అసలు ప్రతి అడగాల్సిన అవసరమే చాలామందికి రాదు.

కార్డు గీస్తే తెరుచుకునే తలుపులు పెడతామని కొందరు ఉత్సాహపడుతున్నారు. పెట్టొచ్చు. అయితే మనుషులు కూర్చుని చదివే గదుల్లో కరెంటు పోతే తాళం దానంతట అది వదిలేసే రకమే ఉండాలి. బయటికి దారితీసే తలుపు లోపలి నుంచి తాళంచెవి లేకుండా తెరుచుకోవాలని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతోంది. రాత్రి పదింటికి రీడింగ్ రూం వెనక గేటుకు గొలుసు చుట్టే వాచ్‌మన్‌కు ఆ మాట ఎవరూ చెప్పినట్టు లేదు. పోటీ పరీక్షల పిల్లలు మెట్ల మీదా చెట్ల కిందా చదువుకుంటుంటే లోపల సెమినార్ గదికి వారాల తరబడి తాళం ఉండటం మరో అన్యాయం. గంటల లెక్కన పేరు రాయించుకుని, గుర్తింపు కార్డు పెట్టించుకుని ఇవ్వడానికి సాఫ్ట్‌వేర్ కూడా అక్కర్లేదు.

రోజుకు ఎంతమంది గ్రంథాలయ గేటు దాటారని విద్యాసంస్థల నాణ్యతను చూసే న్యాక్ లెక్క అడుగుతూ వచ్చింది. ఆ లెక్క పక్కనే ఇంకొకటి చేర్చాలి: తాళం వేసిన ప్రతి గదినీ గత ఏడాది ఎన్ని రోజులు తెరిచారు, ఎంతమంది అడిగితే ఎంతమందికి చూపించారు? ఈ అంకెలను ఏటా పాలకమండలి ముందు పెట్టమని వైస్ చాన్సలర్లు ఆదేశిస్తే చాలు. దీనికి పైసా బడ్జెట్ అక్కర్లేదు, ఒక సర్క్యులర్ సరిపోతుంది.