ఆకుమడి

నారు పోసినవాడు నీరు పోయడా యను సామెత దైవభక్తులకు ఊరట గూర్చునేమో కాని విశాఖ సీమ రైతునకు గింజ కూర్చుట లేదు. నారు పోయువాడు రైతు. నీరు పోయువాడొకప్పుడు మేఘుడు, ఒకప్పుడు జలాశయపు అధికారి. వీరికి పొత్తు కుదురకుండుటచే మన పంట ఆకుమడిలోనే చెడుచున్నది.

ఎకరపు ఊడ్పునకు 5 సెంట్ల మడి, 20 నుండి 25 కిలోల విత్తనము వలయునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. మనవారిలో పలువురు ఆ విత్తనమునే రెండు మూడు సెంట్లలో ఒత్తుగా చల్లుదురు. వెలుతురుకై పెనగులాడిన మొక్క సన్నమై, పొడవై పాలిపోవును. వరిమొక్క నాలుగవ ఆకు వేసినది మొదలు పిలకలు తొడుగ యత్నించును. ఇరుకు మడిలో అవి రావు. పిమ్మట ఎంత ఎరువు చల్లినను ఆ లోటు పూర్తిగా తీరదు.

పంటకాలము ఎన్ని నెలలో ఆకు వయస్సు అన్ని వారములని పాత లెక్క యొకటి కలదు. 120 దినముల కాటన్‌దొర సన్నాలకు నాలుగు వారములు, 150 దినముల స్వర్ణకు అయిదు. జూన్ నడుమ ఆకు పోసి, గెడ్డలో నీరు పారునని ఆగస్టు నడుమ వరకు వేచియున్నచోట నాలుగు వారములు ఎనిమిదగును. ముదురాకును కుదురునకు రెండు మూడు మొక్కలకు మారుగా అయిదారు నాటి, దగ్గరగా ఊడ్చి కొంత కాపాడుకొనవచ్చును. అది గతిలేనప్పటి ఉపాయమే.

మడగాస్కరు దీవిలో 1983లో ఫ్రెంచి మతాచార్యుడు హెన్రీ డి లౌలానీ రూపొందించిన పద్ధతి 2003లో ‘శ్రీ’ వరి యను పేర మన రాష్ట్రమున ప్రచారమైనది. ఎకరమునకు 2 కిలోల విత్తనము, ఒక్క సెంటు మడి, 8 నుండి 12 దినముల లేతాకు! పొగడినవారు పలువురు, విడిచిపెట్టినవారును పలువురే. నీటిపై పట్టులేనిచోట లేతమొక్క మునిగి చచ్చును, కలుపు పెరుగును, కూలీలు దొరకరు. అయినను పలుచగా చల్లుట, వేరు చెదరకుండ తీయుట యను రెండు పాఠములను దానితోపాటు పారవేయ నక్కరలేదు.

తాండవ, రైవాడ, కోనాం, పెద్దేరు జలాశయముల నీరు విడుచు తేదీని, రైతు విత్తనము నానబెట్టకమునుపే ఊరూర చాటింపవలెను. తేదీ తెలియనివాడు తొందరపడి ఆకు పోయుట అవివేకము కాదు, భయము. రైవాడ నీటిలో కొంత విశాఖ కుళాయిలకు వచ్చుచున్నది. ఆ నీరు త్రాగు మనము రైతు పక్షమున ఈ మాట అడుగుట న్యాయము.

ఊరికొక ఉమ్మడి ఆకుమడియు వలయును. నూరెకరముల ఆయకట్టునకు మడి అయిదెకరములే. ఆ అయిదింటిని బోరునీటితో తడుపుట నూరింటిని తడుపుటవంటిది కాదు. పదునైదు దినముల ఎడముతో రెండు విడతలు పోసినచో వాన వెనుకబడినను లేతాకు చేతనుండును. వ్యర్థమైన విడత విత్తనపు వెలను ప్రభుత్వమే భరింపవలెనని మా అభిప్రాయము. 25 కిలోల గింజల ధర ఎకరపు పంటనష్టముతో పోల్చదగినది కాదు గదా! కౌలుదారునకు గుర్తింపు కార్డిచ్చుటకు 2019 నాటి చట్టము భూయజమాని సంతకమును కోరినది. ఆకుకట్టలు పంచునప్పుడైనను ఆ సంతకము నడుగకుందురు గాక.