నాణెం మీది రాజముద్ర

సైన్యం చేరలేని చోటికీ, శాసనం చదవలేని సామాన్యుని చేతికీ పాలకుని మాటను మోసుకొనిపోయేది నాణెం. ప్రాచీన గ్రీకులు ఈ రహస్యాన్ని బాగా గ్రహించారు. వారి నగర రాజ్యాలు తమ దేవతలనో, చిహ్నాలనో నాణేలపై ముద్రించి స్వాతంత్ర్యాన్ని చాటుకొన్నాయి.

క్రీ.పూ. 5వ శతాబ్దంలో ఏథెన్స్ ముద్రించిన నాలుగు డ్రాక్మాల వెండి నాణెం బరువు సుమారు 17 గ్రాములు. దానిపై ఒకవైపు ఎథీనా దేవత శిరస్సు, రెండోవైపు గుడ్లగూబ, ఆలివ్ రెమ్మ కనిపిస్తాయి. మనలో పలువురు అపశకునంగా తలచే గుడ్లగూబ వారికి ఎథీనాకు ప్రియమైన పక్షి. లారియన్ గనులలో వేలాదిమంది బానిసలు చెమటోడ్చి తీసిన వెండి ఆ నాణేనికి దూరదేశాలలో సైతం విలువను తెచ్చిపెట్టింది. ఆ శతాబ్దంలోనే ఏథెన్స్ తన మిత్ర నగరాలు సొంత వెండి నాణేలు వాడరాదనీ, తన నాణేలు, తూనికలు, కొలతలే వాడాలనీ శాసించింది. మైత్రి పేరిట సాగినది ఆధిపత్యమేనని చెప్పడానికి ఈ ఒక్క శాసనం చాలు.

అయితే ముద్ర ఒక్కటే అధికారాన్ని నిలబెట్టగలదా? నిలబెట్టలేదని నా అభిప్రాయం. పెలొపొనీసియన్ యుద్ధకాలంలో, క్రీ.పూ. 413లో స్పార్టా సేనలు ఏథెన్స్ సమీపాన డెకెలియాలో తిష్ఠ వేశాయి. గనుల పని కుంటుపడింది. వెండి కొరవడగా ఏథెన్స్ రాగికి వెండిపూత పూసి నాణేలుగా చలామణీ చేసింది. ముద్ర మారలేదు, లోపలి లోహం మారింది. క్రీ.పూ. 405లో ప్రదర్శితమైన 'కప్పలు' అనే హాస్యనాటకంలో అరిస్టోఫనీస్ దీనినే ఎత్తిపొడిచాడు. మేలిమి నాణేలను విడిచి హీనమైన వాటిని వాడినట్లే, నగరం యోగ్యులను విడిచి అయోగ్యులను ఆదరిస్తున్నదన్నాడు. మరుసటి ఏడాదే ఏథెన్స్ స్పార్టాకు లొంగిపోయింది.

క్రీ.పూ. 323లో అలెగ్జాండర్ మరణించిన పిమ్మట ఈజిప్టును ఏలిన మొదటి టాలమీ, తాను జీవించి ఉండగానే తన ముఖాన్ని నాణెంపై ముద్రించాడు. నాణెం బరువు తగ్గించాడు. దేశంలో పరదేశ నాణేలు చెల్లకుండా చేశాడు. బలవంతంతోనూ నాణెం చెల్లుతుంది కదా అని ఎవరైనా అనవచ్చు. చెల్లుతుంది, కాని రాజదండం చేరినంత మేరకే. ఎల్లలు దాటిన చోట వర్తకుడు రాజు ముఖాన్ని చూడడు, లోహాన్ని తూచి చూస్తాడు.

ముద్ర వేసే హక్కు పాలకునిది, దానిని విశ్వసించే హక్కు ప్రజలది. మాటకూ చేతకూ పొందిక లేని అధికారం వెండిపూత పూసిన రాగి వంటిదే. వాడుకలో పూత అరగక మానదు, లోపలి రంగు బయటపడక మానదు.