బాబ్ మార్లే బొటనవేలు

బాబ్ మార్లే పాట వినకపోయినా, జడలతో ఆయన బొమ్మ ఉన్న టీషర్టు చూడనివాళ్లు ఉండరు. ఎలా పోయాడని అడిగితే చాలామంది డ్రగ్స్ అనేస్తారు. కాదు. కుడికాలి బొటనవేలి గోరు కింద వచ్చిన మెలనోమా అనే చర్మ క్యాన్సర్. ఫుట్‌బాల్ దెబ్బేలే అనుకున్నది కాస్తా 1977లో అసలు సంగతి తేలింది. వేలు తీసేద్దామని డాక్టర్లు అంటే ఒప్పుకోలేదు. గోరు, దాని కింద కొంత కండ మాత్రం తీయించుకుని మళ్లీ స్టేజీ ఎక్కాడు. 1980 సెప్టెంబరులో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో జాగింగ్ చేస్తూ పడిపోయాడు. అప్పటికే అది మెదడుకు చేరింది. 1981 మే 11న చనిపోయేనాటికి వయసు 36.

కాలివేలి నుంచి మెదడు దాకా ఎలా వెళ్లింది?

చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్ ఇది. మొదట చర్మం పైపొరలోనే ఉంటుంది. అక్కడ రక్తనాళాలు ఉండవు. కింది పొరలోకి దిగాకే అసలు కథ.

ఆ కథను పట్టుకున్నవాడు అమెరికన్ సర్జన్ జూడా ఫోక్‌మన్. 1960ల మొదట్లో నేవీ ల్యాబులో రక్తానికి బదులు వాడే ద్రవం మీద పనిచేసేవాడు. కుందేలు థైరాయిడ్ గ్రంథిని బయటికి తీసి, ఆ ద్రవంతో బతికించి, అందులో ఎలుక మెలనోమా కణాలు వేశాడు. గడ్డ పెరిగింది. 1, 2 మిల్లీమీటర్లు రాగానే ఆగిపోయింది. చచ్చిందా అంటే అదీ లేదు. తిరిగి ఎలుకలో పెడితే దూసుకుపోయింది! ఎలుకలో గడ్డకి కొత్త రక్తనాళాలు వచ్చాయి, బయట రాలేదు. తేడా అంతే. ఆ నాళాలు రాకుండా ఆపితే గడ్డ కూడా ఆగుతుందని 1971లో రాస్తే చాలామంది కొట్టిపారేశారు.

ఆక్సిజన్ చాలని గడ్డ వీఈజీఎఫ్ అనే ప్రొటీన్ వదులుతుంది. అది తగిలిన రక్తనాళం గడ్డ వైపు కొత్త కొమ్మ వేస్తుంది. పర్మిషన్ లేని ఇంటికి మున్సిపాలిటీ వాళ్లే వచ్చి కుళాయి కనెక్షన్ ఇచ్చినట్టు! హడావిడిగా వేసిన పైపులు కదా, కారుతుంటాయి. ఆ సందుల్లోంచి క్యాన్సర్ కణాలు రక్తంలోకి జారి ఊపిరితిత్తులకో కాలేయానికో మెదడుకో పోతాయి. (లింఫ్ నాళాల దారి కూడా ఉంది. అది ఇంకో వారం చెప్పుకుందాం.)

మరి పైపు కోసేస్తే సరిపోదా? వీఈజీఎఫ్‌ని పట్టేసే బెవాసిజుమాబ్ అనే మందుకు 2004లో అమెరికాలో పెద్దపేగు క్యాన్సర్‌కి అనుమతి వచ్చింది. మెలనోమా మాత్రం అంత తేలిగ్గా లొంగలేదు. బ్రిటన్‌లో ఆపరేషన్ అయిన 1,343 మందిని తీసుకుని, సగం మందికి ఏడాదిపాటు ఈ మందు ఇచ్చి చూశారు. జబ్బు తిరగబెట్టడం కొంత తగ్గింది. 5 ఏళ్ల తర్వాత బతికున్నవాళ్ల లెక్క మాత్రం రెండు గుంపుల్లోనూ దాదాపు ఒకటే.

దీనికి ఒక్క కారణమే చెప్పలేం గానీ, 1999లో అయోవా యూనివర్సిటీ పరిశోధకులు చూపించింది వింటే ఒళ్లు జలదరిస్తుంది. ముదిరిన మెలనోమాలో కొన్ని కణాలు తామే గొట్టాల్లా అమరిపోతున్నాయట! పైపు కోసం ఎదురుచూడ్డం మానేసి, తానే పైపు అయిపోవడం. అందరూ వెంటనే ఒప్పుకోలేదనుకోండి. 2011 నుంచి వచ్చిన, మన రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదకి ఉసిగొల్పే మందులే ఈ జబ్బులో ఎక్కువ ఫలితమిచ్చాయి.

మనవాళ్లలో మెలనోమా అరుదు. వచ్చినప్పుడు మాత్రం తరచుగా అరికాలిలోనో గోరు కిందో వస్తుంది. దానికి ఎండతో పెద్దగా సంబంధం లేదు. గోళ్లలో సన్నటి నల్లగీతలు మన రంగువాళ్లకి మామూలే, కంగారొద్దు. దెబ్బ మచ్చయితే గోరుతోపాటు ముందుకు జరుగుతూ కొన్ని నెలల్లో పోతుంది. అక్కడే ఉండి వెడల్పవుతున్నా, గోరు మొదట్లోని చర్మానికి నలుపు పాకినా చర్మ డాక్టరుకి చూపించండి. ఫోన్‌లో పాత ఫొటో ఉంటే పోల్చడం ఇంకా తేలిక. ముక్క తీస్తే పాకుతుందని ఇంట్లో పెద్దవాళ్లు అడ్డుపడొచ్చు. పాకదు. ఆ ముక్కలోనే గడ్డ ఎంత లోతుకు దిగిందో కొలుస్తారు. అది 1 మిల్లీమీటరు లోపే ఉంటే చాలామందికి ఆపరేషన్‌తోనే సరిపోతుంది.