వేపకాయల పళ్లెం

పోయినేడు పుట్టినరోజుకు ముందు మా చిన్నమ్మాయి "అమ్మా, తినేవన్నీ ఒకే పళ్లెంలో బొమ్మలెక్క పేరుస్తున్నరు, ఫోన్‌ల చూసిన. మనం గూడ చేద్దామే" అంది. సరేనన్నాను. క్యారెట్ చేపలు, కీరా పడవలు, బ్రెడ్డు ఇళ్లు... రాత్రి పన్నెండు దాకా ఒక్కదాన్నే కూర్చుని పళ్లెంలో ఓ చెరువు కట్టాను. ఇది మన హసన్‌పర్తి చెరువేనని చెప్పి మురిసిపోయాను కూడా.

మర్నాడు పక్కింటి ఐదేళ్ల బాబు ఆశగా ఓ చేప మీద చెయ్యి వేయబోతే, "ముట్టకురా, ఇంక ఫోటో తియ్యలే!" అని కసిరాను. వాడు వాళ్లమ్మ కొంగు చాటుకు పోయి, మళ్లీ ఆ పళ్లెం దగ్గరికి రానేలేదు. తినమని చేసి, తినబోయిన పసివాడిని కసిరానే అని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా మొహం చూసి మా అత్తమ్మ ఒక్కటే మాట అంది. "బిడ్డా, బతుకమ్మను ఎవరన్న ఒక్కలే పేరుస్తరా?"

నిజమే కదా! మన ఇళ్లలో పండగయినా పుట్టినరోజయినా సరదా అందరిదీ, చాకిరీ ఒక్కరిదీ. ఇప్పుడు ఫోన్లలో కనిపించే పళ్లేలు ఆ చాకిరీకి పోటీ కూడా తగిలించాయి. ఇలాంటి ముచ్చట మనకు కొత్తదా అంటే కాదు. 2014లో రాష్ట్ర పండగయిన మన బతుకమ్మకు రోజుకో తీరు నైవేద్యం. అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు. ఆరోనాడు అమ్మ అలిగిందని నైవేద్యమే ఉండదు. వండే చేతికీ ఓ రోజు సెలవన్నమాట! ఏడోనాడు బియ్యప్పిండిని వేపకాయల్లా చేసి నూనెలో వేయిస్తాం. పేరు చేదు, రుచి కమ్మన. ఇంతకన్నా చిలిపి వంట ఏముంటుంది?

అందుకే ఈ ఏడు మా పళ్లెం బతుకమ్మ ఆకారంలో పేర్చాం. నాలుగు రోజుల ముందే వాడకట్టు ఆడవాళ్లం కూర్చుని సకినాలు చుట్టాం. తాంబాలంలో అడుగున సకినాలు, వాటిపైన గరిజెలు, ఆపైన బంతిపూలకు బదులు బూందీ లడ్డూలు, మధ్య మధ్య రంగురంగుల వేపకాయలు. కొసన ఒక కుడుము. "గౌరమ్మను మాత్రం ఆటల పెట్టకుండ్రి" అన్న అత్తమ్మ మాట దాటలేదు.

వేపకాయలు చేసింది మా పిల్లలు. పిండి కలిపింది వాళ్ల నాన్న. గ్లాసు బియ్యప్పిండి జల్లించి, ఉప్పు, వాము, చెంచాడు కాగిన నూనె వేసి, వేడినీళ్లతో కలపాలి. మూడు ముద్దలు చేసి ఒకదాంట్లో పసుపు, ఒకదాంట్లో బీట్‌రూట్ రసం, ఒకదాంట్లో పాలకూర రసం కలిపితే చాలు, కొన్న రంగులతో పనిలేదు. గట్టిగా నొక్కి చుట్టవద్దు. ఒక్కోదానికి పుల్లతో చిన్న గాటు పెట్టాలి. లేదంటే లోపలి ఆవిరికి దారిలేక నూనెలో పేలి మీద పడతాయి. అందుకే చుట్టడం పిల్లలది, వేయించడం పెద్దలది. సెగ సన్నగా ఉండాలి. నాలుగేళ్లలోపు పిల్లలకు ఈ గట్టివి ఇవ్వకండి, గొంతులో ఇరుక్కుంటాయి. వాళ్లకు మెత్తటి కుడుములు మేలు.

పిల్లలు చేసిన వేపకాయల్లో కొన్ని చింతగింజల్లా, కొన్ని గోలీల్లా వచ్చాయి. మా ఆయన చుట్టిన సకినం కోడిగుడ్డులా ఉంది. అయినా అన్నీ పేర్చాం. పక్కింటి బాబును పిలిచి మొదటిది వాడినే తీసుకోమన్నాను. వాడు అడుగునున్న సకినం లాగాడు, సగం పళ్లెం కూలింది. ఇల్లంతా నవ్వులు!

మీ ఇంట్లోనూ ఇలాంటి పళ్లెం పేర్చండి. పిండి దగ్గర మగవాళ్లను, పిల్లలను కూర్చోబెట్టండి. ఒక్కరే చేయవలసి వస్తే మాత్రం, నాలుగు మురుకులు గిన్నెలో పోసి హాయిగా నిద్రపోండి.